నేను పంచిన బెల్లం

మా కంపెనీ లేబర్ క్యాంప్ వాళ్ళు నా గురించి చెప్పుకునే కథ ఒకటుంది. రాళ్ళు కోసే మనుషులకి ప్రతి శుక్రవారం బెల్లం తెచ్చి పంచిన మహాతల్లినట. బెల్లం మాట నిజం. తల్లి మాట అబద్ధం. ఆ పొగడ్తని ఎనిమిదేళ్ళుగా నవ్వుతూ మోస్తున్నాను, అదెంత బరువో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన దోహాలో విల్లాలకి గ్రానైట్ పరిచే పనిలో సూపర్‌వైజర్. రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉంటే దుమ్ము అంతగా లేవదు. కానీ రంగులు వేసేసిన గదుల్లో ఆ బురద గోడలకి చిందుతుంది, మళ్ళీ కడగాలి, పని ఆలస్యం. అందుకని ఆయన నీళ్ళ పైపు తీయించేశారు. దుమ్ము ఇల్లంతా పాకకుండా తలుపులు మూసుకుని, మూతికి పల్చటి మాస్కు కట్టుకుని, పనివాళ్ళు రాయిని పొడిగానే కోసేవాళ్ళు.

బెల్లం తింటే పీల్చిన దుమ్ము కడుపులోకి దిగిపోతుందని మనవాళ్ళలో ఒక నమ్మకం. వాళ్ళు నమ్మారంటే నమ్మారు. నేను జువాలజీ చదివినదాన్ని. తిన్నది పోయే దారి వేరు, పీల్చింది పోయే దారి వేరని ట్యూషన్ పిల్లలకి బొమ్మ గీసి చెప్పినదాన్ని. అయినా ఉమ్ ఘువైలినా బజారులో బెల్లం అచ్చులు కొని, ముక్కలు కొట్టి, పొట్లాలు కట్టి పట్టుకెళ్ళాను. ఎందుకు? మొదట్లో జాలి, నిజంగానే జాలి. తర్వాత? అది వాళ్ళ నోరు మూయించడానికి పనికొస్తోందని అర్థమైంది. అర్థమయ్యాక కూడా పంచాను.

రాళ్ళు కోసేవాళ్ళలో గంగారాం జగిత్యాల వైపు మనిషి. ఒక శుక్రవారం క్యాంప్ గేటు దగ్గర పొట్లం తీసుకుని కదల్లేదు.

"అక్కా, సార్‌కు జర చెప్పు. నీళ్ల పైపు పెట్టియ్యమను. దగ్గు తగ్గుతలేదు. మెట్లెక్కితే దమ్మొస్తుంది."

"నీకు నోరు లేదా? నువ్వే చెప్పు."

"నేనంటే యల్లా యల్లా, జల్ది కానియ్ అంటడు. నువ్వంటే ఇంటడు."

"ఆయన నా మాట వినేవాడైతే నేనీ ఎడారికెందుకొస్తాను?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వబోయి దగ్గాడు.

"ముందా బీడీలు మానెయ్. పరగడుపున బెల్లం తిను, దుమ్ము అదే దిగుతుంది."

"బీడీ బంద్ జేసి శాన దినాలైందక్కా."

"అయితే ఇంకో పొట్లం తీసుకో."

అతను నా మొహంలోకి చూశాడు. "సరే అక్కా. సదువుకున్నదానివి, నీకెర్కుంటది," అన్నాడు.

ఇంటి ఓనరుతో, స్కూలు వాళ్ళతో, కూరల కొట్టతనితో తగువు పడే నోరు నాది. ఆ మధ్యాహ్నం మా ఆయనకి అన్నం వడ్డిస్తూ ఆ నోరు తెరవలేదు. విల్లాలు అనుకున్న గడువుకి అప్పజెబితే ఆయనకి పెద్ద సైటు ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా. ఆయన తప్పు ఆయనది, దాన్ని ఆయనే ఒప్పుకోవాలి. నాది నాకు చాలినంత ఉంది.

గంగారాం దగ్గుతోనే ఊరికి పోయాడు. ముందు టీబీ అని మందులు మింగించారు. ఆ తర్వాత కరీంనగర్ డాక్టరు సిలికోసిస్ అన్నాడు. రాతి పొడికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, ఇక వెనక్కి రావు. ఇప్పుడు పడుకోలేడు, దిండ్లకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తాడట. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే వాళ్ళావిడ ఫోన్ చేసి, "దుబాయ్‌ల మా ఆయనను నువ్వే మంచిగ జూసినవంట అక్కా," అంది. కాదని చెప్పాల్సింది. "అయ్యో, నేనేం చేశానమ్మా," అన్నాను. వినయం అనుకుంది. ఫోన్లోనే దండం పెడుతున్నానంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? నేను మంచిదాన్ని కాదని ఒక్కచోటైనా రాశాను, ఆ తేలిక చాలు. కాని ఒకటి మాత్రం అతన్నే అడగాలని ఉంది. ఫోన్ తీస్తాను, నంబరు దాకా వస్తాను, పెట్టేస్తాను. గంగారాం, నువ్వా రోజు నా మాట నమ్మావా, లేక సార్ భార్యతో ఎందుకులే అని నమ్మినట్టు తలూపావా?