బంతిలో ఆఖరి విస్తరి నాది

మూడుసార్లు రైలెక్కి బందరు వెళ్లి బాగుచేయించుకున్న పన్నును ఇవాళ పెళ్లి భోజనంలో పోగొట్టుకునేవాణ్ణే. డాక్టరు గారు దాన్ని పీకకుండా, లోపలి నరం తీసేసి, మందు పెట్టి పూడ్చారు. నెల్లాళ్లు ఆ పక్కన ఏదీ కొరకవద్దని, రెండో పక్కనే మెల్లగా నమలమని మరీమరీ చెప్పి పంపారు.

గుడివాడలో మా పక్కింటివారి పెళ్లి. బంతిలో అందరూ పెరుగన్నం ముగించి, ఎండిపోయిన చేతులతో కూర్చున్నారు. నేనింకా పప్పన్నంలోనే ఉన్నాను. ఒక్కరు తింటున్నా మిగతావాళ్లు లేవకూడదు కదా! రెండో బంతివాళ్లు వెనక నిలబడి నా వీపు వంకే చూస్తున్నారు.

పెళ్లికూతురి పెదనాన్న గారు నా దగ్గరికొచ్చి వంగారు.

"మేష్టారూ, కాస్త గబగబా కానివ్వండి. ఆ చచ్చిన పన్ను కోసం ఇంతమందిని కూర్చోబెడతారా?"

"చచ్చింది నరమండీ, పన్ను కాదు. తొందరున్నవాళ్లని లేవమనండి."

ఎవరూ లేవలేదు. నేను వడ్డించేవారిని పిలిచి మారు పప్పు వేయించుకున్నాను. తర్వాత పులుసు, పెరుగు కూడా వరసగా తిన్నాను. పదిమందికీ జడిసి గబగబా నమిలితే, రేపు ఆ నొప్పి ఎవరు పంచుకుంటారు?

ఇంటికొచ్చి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, నాలుకతో తడిమి చూసుకున్నాను. పన్ను పదిలంగా ఉంది.

ఈ కాగితం రీడింగు రూము గోడకి అంటిస్తున్నాను. నాది తప్పనేవాళ్లు కింద రాయండి. రాసేముందు, మీ నోట్లో ఎన్ని పళ్లు మిగిలాయో కూడా రాయండి.