వంకర చిటికెన వేలు

మంగళవారం పొద్దున మండీలో శెనక్కాయల మూటలు తూకం వేయిస్తుంటే, సోమందేపల్లె రైతు ఒకాయన వచ్చి, "అన్నా, మీ డ్రిల్లు సారు రాత్రి పోయినాడంట" అన్నాడు. తూకం వదిలేసి బస్సెక్కాను.

ఆయన్ను ఎరిగినవాళ్లు ఆయన కుడిచేతి చిటికెన వేలిని మరచిపోయి ఉండరు. దాన్ని విరగ్గొట్టింది నేనే.

పదిహేనేళ్లప్పుడు మా హైస్కూల్లో నా అంత వేగంగా బంతి వేసేవాడు లేడు. మీసం అందరికంటే ముందే వచ్చింది, ఒళ్లూ ముందే పెరిగింది. గట్టి ఎర్రనేల మీద పరిచిన నారచాపకు తగిలి బంతి తలల మీదికి లేచేది. దాన్ని పట్టడానికి పిల్లలు జంకితే సారే వికెట్ల వెనక చాలా దూరాన నిలబడేవారు. గ్లవ్సులో దూది రాలిపోతే, పాతపంచె గుడ్డ కుక్కుకునేవారు. ఒకరోజు బంతి తగిలి వేలు విరిగింది. కట్టు కట్టించినా వంకరగానే అతికింది.

ఆ వేలిని ఊరంతా చూపించారు. "చూడప్పా, మావాని స్పీడు! వీడు ఇండియాకు ఆడకపోతే నన్నడుగు."

"ఇండియా సంగతి తరవాత సారూ, గ్లాసు సరిగ్గా పట్టుకో. టీ ఒలికిపోతాండాది" అనేవాడు టీ అంగడాయన.

పద్దెనిమిదేళ్లకు తక్కినవాళ్లు నన్ను దాటి పొడుగయ్యారు. నేను ఉన్నచోటే ఉండిపోయాను. అనంతపురంలో జిల్లా జట్టు ఎంపికకు వెళితే, ఒకప్పుడు నా బంతికి కళ్లు మూసుకున్నవాళ్లే నాకంటే వేగంగా వేశారు. నన్ను తీసుకోలేదు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న సారుతో అన్నాను: "ఇంక బంతి పట్టను సార్. మీ మాట పోగొట్టినాను."

"నువ్వేం పోగొట్టలేదు. అందరికంటే ముందు పెరిగినావు, అంతే. అది చూసి నేనే మురిసిపోతి. రేపు సాయంత్రం రా."

మర్నాడు ఆయన దూరంగా నిలబడలేదు. వికెట్లను ఆనుకుని వంగి కూర్చున్నారు. నిదానంగా వచ్చే బంతిని పట్టే చోటు అది. నాకు తల కొట్టేసినట్టయింది.

"వెనక్కి పోండి సార్."

"ఎందుకప్పా? ఈడికైతే నీ మొగం బాగా కనపడతాండాది. వెయ్యి."

వేశాను. బంతి ఎక్కడ పడాలో, ఎప్పుడు లోపలికి తిరగాలో ఆ ఏడాది ఆయన చేతులు చూసి నేర్చుకున్నాను. ఇండియాకు ఆడలేదు. ఊరి జట్టుకు మాత్రం ఇప్పటికీ మొదటి ఓవరు నాదే. ఆదివారాలు ఆయన గట్టు మీద కూర్చుని, పక్కకు వచ్చిన కొత్తవాళ్లకు వేలు చూపి "మావాని స్పీడు" అనేవారు. వాళ్లు నన్నూ వేలినీ మార్చి మార్చి చూసి నవ్వుకునేవారు.

ఒకసారి నేనే అన్నాను: "అది ఎప్పుడో పోయింది కదా సార్."

"నీ దగ్గర పోయింది. నా దగ్గర ఉండాది లే."

నేను వెళ్లేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. ఆయన తమ్ముడు చేతులు రెండూ దగ్గరికి చేర్చి వేళ్లు సర్దుతున్నాడు. అన్నీ లొంగాయి, చిటికెన వేలు తప్ప. మళ్లీ ఒకసారి వంచబోయాడు.

"దాన్నట్లే ఉండనీ నాయనా" అన్నారు సారు భార్య.

కట్టిన చేతుల్లోంచి ఆ వేలు ఒక్కటే, టీ అంగట్లో చూపించినట్టు, పక్కకు చాచుకుని ఉంది.