కుంకుడు నురగ

ఉప్పునీటి చేపల తొట్టి పెట్టింది నేనే అయినా అందులో చేపలు మాత్రం మా అమ్మవి. ఉదయగిరి దగ్గర పల్లెలో గొడ్లతో, వాకిలి పనితో నిమిషం కూర్చోని మనిషి, ఆత్మకూరులో నా దగ్గరికి వచ్చాక ఏమీ తోచక ఇల్లంతా తిరిగేది. నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపల జంట వచ్చాకే కుదుటపడింది. మేత ఆమే వేసేది. నీళ్ల మీద చెయ్యి పెడితే చాలు, రెండూ వేళ్లకు తగిలేంత దగ్గరికి వచ్చేవి. నేను వేస్తే రాయి వెనక నుంచి కదిలేవి కావు.

"నా చెయ్యి తెలుసురా వాటికి" అని మురిసిపోయేది. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

సముద్రానికి ఇంత దూరంలో, ఉప్పు కలిపి చేసుకున్న నీళ్లు ఊరికే పాడయ్యేవి. నీళ్లలోని మురికిని నురగతో పైకి లాగి కప్పులో పడేసే ప్రోటీన్ స్కిమ్మర్ ఒకటి కావాలి. నెల్లూరులో ఒకాయన తన తొట్టి ఎత్తేస్తున్నాడంటే వెళ్లి, ఆయన వాడిందే తెచ్చుకున్నాను. గొట్టం నిండా జిడ్డు, అంచుల్లో ఉప్పు పేరుకుపోయి ఉంది.

"ఎవురింట్లోదో ఏందో. కడక్కుండా ఎట్టా పెడతావురా?" అంది అమ్మ. బయటినుంచి వచ్చిన ఏ వస్తువైనా ఆమె చేత్తో కడిగాకే మా ఇంటిదవుతుంది.

"కడుగు. సబ్బు, సర్ఫు మాత్రం తగలనీబాకమ్మా, చేపలు చచ్చిపోతాయి" అని చెప్పి ఉద్యోగానికి వెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి స్కిమ్మర్ తళతళలాడుతోంది. సబ్బు ముట్టుకోలేదంది. తొట్టికి తగిలించి మోటారు వేశాను. మామూలుగా అది కుదురుకుని నురగ పట్టడానికి కొన్నాళ్లు పడుతుందని విన్నాను. ఇది వెంటనే పొంగింది. కప్పు నిండి, తెల్లటి నురగ పొర్లి తొట్టిలోనే పడింది. కొత్తది కూడా ఇంత బాగా పని చేయదని నేను అంటుంటే అమ్మ ముఖం వెలిగిపోయింది.

కాసేపటికి చేపలు రెండూ పైకి తేలి నోళ్లు తెరిచాయి. మోటారు ఆపి, స్కిమ్మర్ బయటికి తీసి, గబగబా నీళ్లు మార్చాను. ఒకటి పక్కకు ఒరిగిపోయింది.

అమ్మ కప్పులోని నురగను వేలితో తీసి వాసన చూసుకుంది.

"కుంకుడు రసంతో కడిగినాను రా. సబ్బు కాదు గదా అని" అంది. "మా పల్లెలో గుంటల్లో కుంకుడుకాయలు దంచి పోసి చేపల్ని తేల్చేవాళ్లు. చిన్నప్పుడు నా కళ్లతో చూసినాను. తెలిసి కూడా చేసినాను."

తెలియక చేసిందేనని ఎన్ని విధాల చెప్పినా ఆమె తలకెక్కలేదు. చేప పోయినందుకు బాధే. కానీ నన్ను ఇప్పటికీ కోసేది అది కాదు. అమ్మ మళ్లీ ఆ తొట్టిలో చెయ్యి పెట్టలేదు.

మంచినీళ్లలో నానబెట్టి, కడిగి, మళ్లీ నానబెట్టి పెట్టాక స్కిమ్మర్ ఇప్పుడు బాగానే పని చేస్తోంది. బతికిన చేపకు నేనే మేత వేస్తున్నాను. సగం తింటుంది, సగం వదిలేస్తుంది. అమ్మ హాల్లోకి వస్తే మాత్రం రాయి వెనక నుంచి వచ్చి అద్దానికి అతుక్కుంటుంది. ఆమె ఎటు నడిస్తే అటు వెంబడిస్తుంది. అమ్మ అటు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోతుంది.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "నీకోసమే వస్తోందమ్మా. ఒక్కసారి మేత వెయ్యకూడదా?"

"దానికి తెలవదు గదరా" అంది. "అందుకే వస్తా ఉండాది."