సముద్రం కోసం కొండెక్కిన రోజు

ఆ రోజుల్లో నాకు సూర్యుడి మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. దారి అడిగితే ఒకరు కుడి అంటారు, ఇంకొకరు ఎడమ అంటారు. సూర్యుడు మాత్రం మాట మార్చడని నా సిద్ధాంతం. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివి, దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది డర్బన్‌లో పంపుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చినప్పుడు, పెట్టెలో ఆవకాయ సీసాతోపాటు ఈ సిద్ధాంతాన్నీ తెచ్చుకున్నాను. (సీసా దారిలో పగిలింది. సిద్ధాంతం భద్రంగా చేరింది.)

ఊరి శివారు ఇసిపింగోలో నాకు గది అద్దెకిచ్చినావిణ్ణి పెద్దమ్మ అనేవాణ్ణి, వాళ్ళాయన్ని పెదనాన్న. ఆవిడ తాతగారు చెరకుతోటల పనికి ఓడెక్కి వచ్చారట. ఆవిడకి మిగిలిన తెలుగు వంటకీ తిట్లకీ నిండుగా సరిపోయేది, తక్కినవాటికి ఇంగ్లిషు సాయం పట్టేది. మొదటి ఆదివారం ఒక్కణ్ణే ఊరు చూసొస్తానంటే ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"నో మ్యాన్ అబ్బాయ్, ఒంటిగా ఎందుకు? లాస్ట్ అయిపోతావు! మేము బిర్యానీ కుండ తీసుకుని బీచ్‌కి పోతాం, నువ్వూ కార్లో కూకో."

"ఊరు చూసుకుని భోజనాల వేళకి అక్కడికే వచ్చేస్తాను పెద్దమ్మా. దిక్కులు తెలిసినవాడు తప్పిపోడు."

"సరే. అందరు వస్తేనే మూత తీసేది. నువ్వు లేటైతే అందరికీ ఆకలే, తెలిసిందా?"

పెదనాన్న తన వంతు సలహా ఇచ్చాడు. "రోడ్డు మీద మ్యాప్ తియ్యకు, ఇంజనీర్. దొంగోళ్ళు చూస్తారు."

మ్యాప్ రాత్రే బట్టీపట్టేశాను కాబట్టి ఆ సలహా నాకు అవమానంగా తోచింది.

పొద్దున్నంతా అనుకున్నట్టే జరిగింది. ఇండియన్ మార్కెట్లో మసాలా గుట్టలు చూశాను, తుమ్మాను. పాత వీధుల్లో మసీదు మినార్లు, ఇనప వరండాల దుకాణాలు చూశాను. సిటీ హాల్ గుమ్మటం కింద నిలబడి దాని బరువు ఏ గోడ మోస్తోందో లెక్క కట్టాను. (ఎవరూ అడగలేదు.) బయటికొచ్చేసరికి మధ్యాహ్నం. ఎత్తైన భవనాల మధ్య సముద్రం ఎటుందో కనపడలేదు. ఫరవాలేదు, సూర్యుడున్నాడు. జులై, ఇక్కడ చలికాలం. చలికాలం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు. అతనికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతివైపు తూర్పు, తూర్పున సముద్రం. ఎడమకి తిరిగి ధీమాగా నడిచాను.

కాసేపటికి మళ్ళీ మసాలా ఘాటు తగిలింది. ఈ ఊళ్ళో రెండు మార్కెట్లున్నాయి కాబోలు అనుకున్నాను. తరవాత రోడ్డు ఎత్తెక్కడం మొదలుపెట్టింది. సముద్రానికి పోయే రోడ్డు పల్లానికి కదా పోవాలని లోపల ఎవరో గొణిగారు. విశాఖలో కొండ పక్కనే సముద్రం లేదూ, అని వాళ్ళ నోరు మూయించాను. ఎక్కాను. పెద్ద పెద్ద తోటల ఇళ్ళు దాటాను. పైకి చేరి, చెమట తుడుచుకుందామని వెనక్కి తిరిగాను.

సముద్రం అక్కడుంది. నా వెనక, కింద, ఆకాశమంత వెడల్పున. ఓడరేవు క్రేన్లు, నేను లెక్క కట్టిన గుమ్మటం, వరసలో ఎదురుచూస్తున్న ఓడలు, అన్నీ ఎండలో మెరుస్తున్నాయి. ఊరు చూడ్డానికి వచ్చినవాడికి అంతకన్నా మంచి చోటు దొరకదు. నాకు మాత్రం మూత వేసి ఉన్న ఒక కుండే కనపడింది. భూమధ్యరేఖ దాటితే మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. (పదో తరగతి పరీక్షలో రాశాను కూడా. మార్కులు పడ్డాయి.)

పరిగెత్తి, బస్సెక్కి, మళ్ళీ పరిగెత్తి బీచ్ చేరేసరికి పక్క కుటుంబాలు చేతులు కడిగేసుకుంటున్నాయి. మావాళ్ళు దుప్పటి మీద కుండ చుట్టూ కూర్చున్నారు. పెద్దమ్మ చెయ్యి మూత మీదే ఉంది.

"ఏ దారిన వచ్చినావు, ఇంజనీర్?" అన్నాడు పెదనాన్న నీరసంగా.

చెప్పాను. ఆయన వెల్లకిలా పడి నవ్వాడు. "సముద్రం కోసం కొండెక్కినాడే! నేను యాభై ఏళ్ళు ఇక్కడ, ఇట్లాంటిది చూడలేదు!"

"నవ్వకు మ్యాన్," అంది పెద్దమ్మ. "చిన్నప్పుడు ఇక్కడ అడుగు పెడితే, తెల్లోళ్ళ బీచ్ అని పోలీసోడు తరిమినాడు నన్ను. ఈ ఇసక మీద కూకోడానికి నాకు వయసంతా పట్టింది. పిల్లోడికి ఒక పూట పట్టింది, అంతే కదా. కూకో అబ్బాయ్." అప్పుడు మూత తీసింది. ఆ బిర్యానీ చల్లారిపోయింది. దానంత రుచి నేను మళ్ళీ ఎరగను.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. నేనిక్కడే ఉండిపోయాను, ఈ సూర్యుడికి అలవాటు పడ్డాను. ఎంత అలవాటంటే, డిసెంబరు సెలవులకి విశాఖ వెళ్ళినప్పుడు, మధ్యాహ్నంపూట హోటల్ నుంచి బయటికొచ్చి, సూర్యుణ్ణి చూసి లెక్క వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి హుందాగా నడుచుకుంటూ పోతాను. సందు చివర తప్పు తెలిసి నాలో నేనే నవ్వుకుంటాను. తొందరేమీ ఉండదు. అక్కడ నాకోసం మూత పట్టుకుని కూర్చున్నవాళ్ళెవరూ లేరు.