మా ఆడపడుచుకి పడ్డ మూడు మార్కులు

మా ఆడపడుచు హోటల్లో గదులు సర్దుతుంది. దుప్పటి మీద ముడత కనబడితే ఆవిడకి ముద్ద దిగదు. అందుకే తోటివాళ్ళు ముడతలమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అంతే. నేను మంచం దిగడం ఆలస్యం, దుప్పటి నాలుగు మూలలూ లాగేస్తుంది. వాళ్ళన్నయ్య పోయాక నాకు పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. లేవమని ఆవిడ ఎన్నడూ అనలేదు. దుప్పటి కోసం వచ్చినట్టు వచ్చి నిలబడుతుంది, అంతే.

మొన్న సాయంత్రం చెప్పులు చెరోవైపు విసిరి లోపలికొచ్చింది.

"ఉద్యోగం మానేస్తున్నా వదినా."

మానేస్తే ఇక్కడ ఉండే పనిలేదు, కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

"ఏమైంది?"

"ఏడాదికోసారి మా పనికి మార్కులేస్తారు కదా. అయిదుకి మూడేశారు! పైగా నా పని అంచనాకు తగ్గిందని సూపర్‌వైజరు మొహం మీదే అన్నాడు. ఇన్నేళ్ళ చాకిరీకి తగ్గిందట!"

"ఆయన అన్న మాట అన్నట్టు చెప్పు."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, గొంతు లావు చేసింది. "'నీ పని అంచనాకు తగ్గట్టు ఉందమ్మా.' విన్నావా?"

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకి నవ్వానో, నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"నీ చెవులకి ముడతలు పడ్డాయే! ఒంటికి తగ్గట్టు జాకెట్టు కుట్టాడంటే పొట్టిగా కుట్టాడనా?"

"కాదు. సరిపోయిందని."

"మరి?"

"మరి మూడెందుకేశాడు? బళ్ళో మూడొస్తే చెవి మెలేసేవారు."

"నేను బడికి వెళ్ళిందే తక్కువ, నన్నడుగుతావేం? ఆయన్నే అడుగు. ఆ తర్వాత మానేద్దువుగాని."

మర్నాడు మూతి ముడుచుకునే వెళ్ళింది. ఆ పూటంతా నాకు ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. సాయంత్రం చెప్పులు పక్కపక్కన విప్పి వచ్చింది.

"అడిగావా?"

"అడిగా. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే మూడేనట. చాలామందికి అదేనట. అయిదు కావాలంటే నా గదులు సర్దుకుని, కొత్తగా చేరినవాళ్ళకి కూడా నేర్పాలట."

"నేర్పొచ్చుగా?"

"వాళ్ళు పరిచిన దుప్పట్లు చూస్తూ నేను బతకాలా? నా మూడు నాకు చాలు."

అంటూనే రేపటికి కావాలని యూనిఫారం పట్టుకుని పెరట్లోకి నడిచింది. నేను బకెట్టు తీసుకుని వెనకాలే వెళ్ళాను.