డెల్ఫియా మళ్ళీ ఏట్లో దిగింది

డెల్ఫియా మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటోందన్న కబురు ఆ ఆదివారం పొద్దున కాఫీలు చల్లారకముందే లోయంతా పాకిపోయింది. పాకదూ మరి! మనిషికి ఒక్క బాప్తిస్మం చాలని లోకమంతా సరిపెట్టుకుంటుంటే, ఈ మహాతల్లికి ఇది ఆరోది. "ఏట్లో చేపలు కూడా ఆవిణ్ణి పేరు పెట్టి పిలుస్తాయిరా" అని పెట్రోలు బంకు దగ్గర కుర్రాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆవిడ విని కూడా విననట్టు పోయేది.

అలాగని ఆవిడ పాపాల పుట్ట అనుకునేరు! అమెరికాలో కెంటకీ కొండల్లో ఆ మూల లోయకంతటికీ అన్నపూర్ణ డెల్ఫియా. బడి వంటశాలలో వంట చేసేది. భోజనం టిక్కెట్టు తేలేని పిల్లలకే ముందు వడ్డించి, రెండోసారి కూడా పిలిచి మరీ వడ్డించేది. అది ఒక మంచిపని అని కూడా ఆవిడకి తోచేది కాదు. ఆవిడ లెక్కలో మంచితనమంటే చర్చి సంఘం కట్టుబాట్లు. ఆడది జుట్టు కత్తిరించకూడదు, ప్యాంటు వేసుకోకూడదు, చెవులకి ఏమీ పెట్టుకోకూడదు, టీవీ చూడకూడదు, ఆటలకి పోకూడదు. ఇవి చాలవన్నట్టు తనవి మరికొన్ని కలుపుకుంది. ఆదివారం సూది ముట్టకూడదు, చూయింగ్ గమ్ నమలకూడదు. ఎక్కడైనా కాలు జారిందా, ప్రభువిచ్చిన రక్షణ కాస్తా పోయింది, ఇక పరలోకం దక్కదని గుండెలు బాదుకునేది. ఆ ఏడాది ఉజ్జీవ కూటాల్లో అందరికన్నా ముందు వేదిక దగ్గరికి పరుగెత్తుకెళ్ళి, మోకాళ్ళూని బావురుమని ఏడ్చేది. ఎండాకాలం వచ్చేసరికి మళ్ళీ బాప్తిస్మానికని ఏట్లో ఉండేది.

ఇదంతా ఎవరి కోసం? హోబర్ట్ కోసం!

హోబర్ట్ ఆవిడ మొగుడు. బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, ఇంటిపట్టున ఉంటున్న మనిషి. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం భార్యని ట్రక్కులో చర్చికి తీసుకొచ్చేవాడు. ఆవిడ లోపలికి వెళ్ళేది. తను మాత్రం అద్దం దించుకుని ట్రక్కులోనే కూర్చుని ప్రసంగమంతా వినేవాడు. "లోపలికి రావయ్యా" అంటే, "నాకు కుదరదులేవే" అనేవాడు. ఎందుకు కుదరదో ఏనాడూ చెప్పలేదు. అతను ప్రభువుని ఎరగకుండానే కన్ను మూస్తాడేమోనన్న భయం ఆవిణ్ణి లోపల్లోపల తినేస్తుండేది. తనలో ఏదో మచ్చ ఉంది, అందుకే దేవుడు తన ప్రార్థన వినడంలేదు, ఆ మచ్చ పోతే హోబర్ట్ తప్పకుండా వస్తాడు. ఇదీ ఆవిడ నమ్మకం. అందుకే ఏడాదికో నియమం కలుపుకుంటూ పోయింది.

ఇంత నిష్ఠగా ఉన్న మనిషికి శనివారం మధ్యాహ్నం ఎంత పని జరిగిందని! మర్నాడు బాప్తిస్మాల తర్వాత చెట్ల కింద సంఘమంతటికీ భోజనాలు. డెల్ఫియా చికెన్ వేయిస్తోంది. మూకుడు మీదికి వంగిందో లేదో, పుట్టి బుద్ధెరిగాక కత్తెర తగలని ఆ జడ ముందుకి జారి పొయ్యి మంటలో పడింది. భగ్గుమంది! హోబర్ట్ తడిగుడ్డ తీసుకుని టపటపా కొట్టి ఆర్పాడు. ఇల్లంతా వెంట్రుకలు కాలిన కంపు. సగం జడ నల్లగా ఉండకట్టుకుపోయింది. వేరే దారి లేక డెల్ఫియా కత్తెర పట్టుకుని, భుజాల దాకా కత్తిరించేసుకుంది.

"జుట్టే కదే, మొలుస్తుంది. తలకాయ మిగిలింది, సంతోషించు" అన్నాడు హోబర్ట్.

"నీకేం తెలుసయ్యా! నా బతుకే కాలిపోయింది!" అని గిన్నె విసిరింది. అది తలుపుకి తగిలి దొర్లింది.

వెంటనే మోజెల్‌కి ఫోన్ చేసి చెప్పుకుంది. మోజెల్ అంటే సంఘంలో అందరి గౌన్ల పొడవూ కంటితోనే కొలిచేసే మనిషి. అంతా విని, "కాలినంత మేరా కాలనివ్వక, కత్తెర ఎందుకు పెట్టావమ్మా?" అంది. దాంతో డెల్ఫియాకి ఉన్న కాస్త ధైర్యమూ ఊడింది. రేపే ఏట్లో దిగాలి!

ఆదివారం ఏటి ఒడ్డంతా జనం. కార్లు, ట్రక్కులు, బల్లల మీద మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజల పులుసు, పొరలు పొరలుగా పేర్చిన యాపిల్ కేకులు. పాటలు కొండకి తగిలి తిరిగి వస్తున్నాయి. హోబర్ట్ ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూర్చున్నాడు. నడుం లోతు నీళ్ళలో పాస్టరు బ్రదర్ లోంజో నిలబడి ఉన్నాడు. పోయిన చలికాలంలోనే వచ్చాడు. వారమంతా గరాజులో వెల్డింగు చేసి, ఆదివారం ప్రసంగం చేస్తాడు. తెల్లబట్టల్లో ముగ్గురు పిల్లలు మునిగి లేచారు. తర్వాత తలకి రుమాలు బిగించుకుని డెల్ఫియా దిగింది.

"ఏమ్మా డెల్ఫియా, మళ్ళీ ఏం కొంప మునిగింది?" అన్నాడు లోంజో.

"జుట్టు కత్తిరించుకున్నాను, బ్రదర్."

"ఎందుకూ?"

"అంటుకుంది. చికెన్ వేయిస్తుంటే."

ఒడ్డున ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి కిందటిసారో?"

"బడిపిల్లల బాస్కెట్‌బాల్ ఆటకెళ్ళి గంతులేశాను."

"మనవాళ్ళు గెలిచారా?"

"ఆఖరి నిమిషంలో!" అందావిడ. కళ్ళు మిలమిల్లాడాయి. వెంటనే నాలిక్కరుచుకుంది.

లోంజో నవ్వు ఆపుకుంటూ, "హోబర్ట్‌ని ఎన్నిసార్లు పెళ్ళి చేసుకున్నావు?" అని అడిగాడు.

"అదేం ప్రశ్న బ్రదర్! ఒక్కసారే."

"ఎప్పుడూ పోట్లాడుకోరా?"

"లేకేం! నిన్ననే గిన్నె విసిరాను."

"పోట్లాడినప్పుడల్లా కోర్టుకెళ్ళి మళ్ళీ పెళ్ళి సంతకాలు పెట్టొస్తున్నారా మరి?"

"ఎందుకు పెడతాం? గిన్నె విసిరితే మొగుడు కాకుండా పోతాడా?"

అనేసి, తనేమన్నదో తనకే తట్టి లోంజోకేసి చూసింది.

"మరి మన ప్రభువు హోబర్ట్ పాటి చెయ్యడా, అమ్మా?" అన్నాడు లోంజో మెల్లగా. "నిన్ను మళ్ళీ ముంచను. మొదటిసారే ఆయన నీ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా వదల్లేదు."

ఒడ్డు మీద మోజెల్ ఒంటికాలి మీద లేచింది. "అయితే కట్టుబాట్లు అక్కర్లేదంటారా? రేపట్నించి అందరూ గుండ్లు కొట్టించుకుంటారు!"

"నీ జడ నువ్వు ఉంచుకో మోజెల్. ప్రభువు మీద ప్రేమతో ఉంచుకో. ఆ జడ పట్టుకుని పరలోకానికి ఎగబాకుదామని మాత్రం చూడకు!"

జనం గొల్లున నవ్వారు. డెల్ఫియాకి మాత్రం అవేవీ వినబడలేదు. మొదటి బాప్తిస్మం రోజు కళ్ళముందుకొచ్చింది. అప్పుడామెకి పదమూడేళ్ళు. అప్పటిదాకా చేసిన ఘనకార్యమంటూ ఏదీ లేదు. ప్రభువు రమ్మన్నాడని నమ్మి వెళ్ళింది, అంతే. అప్పటి సంతోషానికి రాత్రంతా నిద్రే పట్టలేదు.

"రక్షణ ఊరికేనా బ్రదర్?" అని అడిగింది.

"ఊరికే."

"నేను తప్పిన ప్రతిసారీ కూడానా?"

"ప్రతిసారీనూ."

అంతే! డెల్ఫియా "హల్లెలూయా!" అని వేసిన కేకకి ఏటి అవతలున్న కాకులు లేచిపోయాయి. రెండు చేతుల్తో నీళ్ళు చరిచింది. గిర్రున తిరిగింది. పిన్నులు ఎగిరిపోయాయి, రుమాలు ఏటివాలుకి కొట్టుకుపోయింది. భుజాల మీద కత్తిరించిన జుట్టు లోకమంతా చూస్తుంటే, చూస్తే చూడనీ అన్నట్టు తలెగరేసి నవ్వింది. లోంజోని పట్టుకుని కుదిపేసింది. ఒడ్డున ఆడవాళ్ళు ఏడుస్తూ చప్పట్లు కొడుతున్నారు. ఎంత తేలిగ్గా ఉందో ఆమె ప్రాణానికి! ఇన్నేళ్ళకి మొదటిసారి ఆమెకి భయమన్నది లేదు.

అప్పుడు వెనకాల నీళ్ళ చప్పుడయింది. బూట్లూ టోపీ కూడా తియ్యకుండా హోబర్ట్ ఏట్లోకి నడిచి వస్తున్నాడు! ఆయాసంతో రొప్పుతూ నడుం లోతుకొచ్చి ఆగాడు.

"బ్రదర్, మీరు చెప్పింది అందరికీనా, దీనికొక్కదానికేనా?"

"అందరికీ హోబర్ట్."

"ముప్పై ఏళ్ళు ఆ ట్రక్కులో కూర్చుని దీన్నే చూశానండీ. ఈ లోయలో ఇంతకన్నా మంచి మనిషి లేదు. దీని దగ్గరే రక్షణ నిలవకపోతే నాబోటివాడి దగ్గర ఏం నిలుస్తుందిలే అనుకున్నాను. అందుకే లోపలికి రాలేదు."

ఇతన్ని లోపలికి తేవాలని తను బిగించిన ప్రతి కట్టుబాటూ ఇతనికే గడియ వేసిందా! డెల్ఫియాకి ఏడుపూ నవ్వూ కలగలిసి ముంచుకొచ్చాయి. చెంపలు తుడుచుకుని మొగుడి ముఖంలోకి చూసింది. అతని బుగ్గలో పొగాకు ముద్ద ఉబ్బెత్తుగా కనబడింది.

"ముందు ఆ పొగాకు ఉమ్మి..." అని మొదలెట్టింది అలవాటుకొద్దీ. హోబర్ట్ వెయ్యబోయిన అడుగు ఆపేశాడు.

డెల్ఫియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యే అతనికేసి చాచింది.

"పోన్లే, అలాగే వచ్చెయ్యి!"