తొమ్మిదో చీటీ

పురుగుల మ్యూజియంలో పొట్టి రెక్కల పెంకుపురుగుల గది ఆయనది. ఆవగింజంత పురుగును అట్టముక్కకు అతికించి, సూదికి గుచ్చి, ఒక కన్ను మూసి భూతద్దంలో చూస్తాడు. సగం ఒంటిని కూడా కప్పని రెక్కలు, మెడ మీది గుంటలు, పాదంలో కణుపులు చూసి ఏ జాతో తేలుస్తాడు. మనుషుల ముఖాలే ఆయనకు గిట్టవు. పక్క గదిలో కూర్చునే తోడల్లుడి ముఖం చూస్తే మరీ ఒళ్ళు మండుతుంది. పన్నెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. పోట్లాటంతా ఒకే పురుగు సూది మీద. ఒకరు పెట్టిన చీటీ ఇంకొకరు తీయకూడదు, తన మాట దాని కింద గుచ్చాలి, అదీ అక్కడి నియమం. "ఐదు కణుపులు" అని ఈయన, "నాలుగే" అని తోడల్లుడు గుచ్చుకుంటూ పోగా ఎనిమిది చీటీలయ్యాయి.

"ఒకే ఇంటి అల్లుళ్ళు కదండీ, నోటితో చెప్పుకోకూడదా?" అంది గది ఊడ్చే ఆవిడ, పక్క గది నుంచి ఆ సూది ఉన్న పెట్టె తెచ్చిస్తూ.

"వాడితోనా? వాడికి కళ్ళుంటే కదా!"

ఎనిమిదో చీటీ మీద నిన్నటి తేదీ ఉంది. "మళ్ళీ చూశాను. నాలుగే." ఆయన పళ్ళు కొరుకుతూ, చాలాకాలం తర్వాత, ఆ సూదిని భూతద్దం కింద పెట్టాడు. అట్టముక్క మీద ఎండిన జిగురు తప్ప పురుగు లేదు. ఎప్పుడో రాలిపోయి, పెట్టె మూలన బూజుపట్టి పొడైపోయి ఉంది.

"దొరికాడు వెధవ!" అంటూ లేచి తలుపు దాకా వెళ్ళి, ఆగిపోయాడు. పోయిన నెల తను రాసిన ఏడో చీటీ మీదా "మళ్ళీ చూశాను" అనే ఉంది.

వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కలం మూత తీసి, కొత్త చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "మళ్ళీ చూశాను. ఐదే."